తలుపు తట్టినవాడు

పరాయివాడు ఇంట్లో చొరబడటాన్నీ, ఆ ఒత్తిడికి లోపలివారి మనసు క్రమంగా పట్టు తప్పటాన్నీ కథావస్తువుగా తీసుకునే చిత్రాలను ఇంగ్లిషులో ‘హోమ్ ఇన్వేజన్’ థ్రిల్లర్లంటారు. గోర్డన్ విలియమ్స్ నవల ఆధారంగా శామ్ పెకిన్‌పా తీసిన బ్రిటన్ చిత్రం ‘స్ట్రా డాగ్స్’ (1971) ఈ కోవలో ఎన్నదగినది. అందులో కార్న్‌వాల్ పల్లెలో కాపురం పెట్టిన గణితవేత్త ఇంటి మీద చివరకు విరుచుకుపడేవారు ఎక్కడినుంచో వచ్చిన దొంగలు కారు, గ్యారేజీ కప్పు పనికి అతడే కూలికి పెట్టుకున్న ఊరివాళ్లు.

తెలుగువాడైన రామ్‌గోపాల్ వర్మ హిందీలో తీసిన ‘కౌన్’ (1999)లో భయం మరో దారిన, మర్యాద దారిన ప్రవేశిస్తుంది. ఒకే ఇల్లు, ముగ్గురే ప్రధాన నటులు, ఎడతెగని వాన; పాటలు లేవు. హంతకుడు ఊళ్లో తిరుగుతున్నాడన్న వార్త టీవీలో విని బెదిరిన యువతి (ఊర్మిళా మాతోండ్కర్) ఇంటి గంట మోగించి, మల్హోత్రా అనే ఆయనకోసం వచ్చానంటాడు ఒక అపరిచితుడు (మనోజ్ బాజ్‌పాయ్). అటువంటివారెవరూ ఇక్కడ లేరని చెప్పినా అతడు కదలడు, అలాగని బెదిరించనూ బెదిరించడు. ఎంతో వినయంగా మాట్లాడుతూనే ఉంటాడు గనుక, కసిరి పంపటానికి ఆమెకు నోరు రాదు, తలుపు తీయటానికి చెయ్యి రాదు. ఈ సందిగ్ధాన్ని అంతసేపు సాగదీయటంలోనే వర్మ పనితనమంతా ఉంది.

స్వర్ణముఖి ఒడ్డునున్న నాయుడుపేటవంటి ఊళ్లో ఈ సందిగ్ధం బలం సులభంగా తెలుస్తుంది. ఎండాకాలం పొద్దున తీసిన వీధి తలుపు రాత్రి పడకవేళకుగానీ మూయని ఇళ్లలో, గుమ్మంలో నిలబడ్డ మనిషిని కూర్చోమని మంచినీళ్లివ్వటం అలవాటే తప్ప అనుమానించటం అలవాటు కాదు. కార్తికమాసంలో వాయుగుండం పట్టి, కరెంటు పోయి, తలుపులు బిగించుకున్న రాత్రి మాత్రం అదే ఇల్లు కొత్తదవుతుంది: కిటికీ రెక్క కొట్టుకున్నా, తడికి ఉబ్బిన తలుపు కిర్రుమన్నా, చూరునీళ్లు బకెట్లో పడుతున్నా చెవి అటే పోతుంది. ఇటువంటి చప్పుళ్లను స్టూడియోలో విడిగా పుట్టించి దృశ్యానికి జతచేసే పనిని, దానికి ఆద్యుడైన జాక్ ఫోలీ పేరుతో ‘ఫోలీ’ అంటారు. ఇంట్లో చొరబాటు కథకు ఇది నేపథ్య సంగీతం కన్నా ముఖ్యం, ఎందుకంటే సంగీతం ప్రేక్షకుడికి మాత్రమే వినిపిస్తుంది, గడియ చప్పుడు పాత్రకూ వినిపిస్తుంది.

తెలుగు తెరమీద ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా దెయ్యమే. వర్మ ‘రాత్రి’ (1992), రవిబాబు ‘అవును’ (2012) ఆ బాటలోనే నేర్పుగా భయపెట్టాయి. అయితే దెయ్యానికి గడపతో పని లేదు, లోపలికి రానిమ్మని అడగనక్కరలేదు. అడిగినవాడిని కాదనలేని మనిషి అవస్థ అక్కడ జారిపోతుంది, అది పెద్ద నష్టమే.

2019లో సూళ్లూరుపేట దగ్గర 106 అడుగుల వెడల్పు తెరతో థియేటరు వచ్చాక నాయుడుపేటవారికి భారీ దృశ్యం పొరుగుదైంది. కానీ వాన వెలిశాక పక్కింటివారికోసం వచ్చానంటూ వసారాలో గొడుగు ముడుస్తున్న కొత్త మనిషినీ, తలుపు సందులోంచి అతడి తడిసిన చెప్పులను చూస్తున్న ఇల్లాలినీ చూపటానికి చిన్న తెర చాలు, ఒక గది చాలు.