నూనెను తిను సూక్ష్మజీవి: ఒక ఉపమానముపై విమర్శ

శాస్త్రమును సులభముగా బోధించుటకు ఉపమానములు అవసరమే. కాని ఉపమానము తెలిపినదానికంటె మరుగుపరచినది ఎక్కువైనచో విద్యార్థికి నష్టము కలుగును. నూనెతో చెడిన నేలను బాగుచేయుటను గూర్చిన వ్యాసములలో తరచుగా కనిపించు "నూనెను తిను సూక్ష్మజీవి" అట్టి ఉపమానమే. నేలపై డీజిలు ఒలికినది, బాక్టీరియాను చల్లిరి, అవి నూనెను తినివేసినవి, నేల శుభ్రమైనది. ఈ కథలో అబద్ధము లేదు గాని, కొరత చాల ఉన్నది.

ఆ కొరతను పరీక్షించుటకు పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖని ప్రాంతము తగిన చోటు. అచ్చటి సింగరేణి ఓపెన్ కాస్టు గనులలో డంపర్లు, షావెళ్లు, డోజర్లు పనిచేయుచున్నవి. ఇట్టి యంత్రములు ఎచ్చట ఉన్నను, డీజిలు నింపుచోట, వర్కుషాపులో, యంత్రములు కడుగుచోట నూనె నేలలోనికి ఇంకు అవకాశము కలదు. కావున ఈ పాఠము అచ్చటి బడిపిల్లలకు దూరదేశపు వింత కాదు. ఇంటి ముంగిటి విషయము.

ఈ కథకు నాయకునిగా తరచు ఆనందమోహన చక్రవర్తిని పేర్కొందురు. ఆయన 1971లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో, ముడినూనెలోని పలు అంశములను విచ్ఛిన్నము చేయగల సూడోమోనాస్ బాక్టీరియాను రూపొందించెను. దానిపై పేటెంటు చెల్లునని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అది న్యాయచరిత్రలో గొప్ప ఘట్టము. కాని ఆ బాక్టీరియాను బయట ఒలికిన నూనెపై వినియోగింపలేదు. 1989లో అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ ఓడనుండి నూనె ఒలికినపుడు, రాళ్లపై చల్లినది నత్రజని, భాస్వరము గల ఎరువులను. పని చేసినవి అచ్చటనే పుట్టి పెరిగిన సూక్ష్మజీవులు. ఢిల్లీలోని టెరి సంస్థ రూపొందించిన ఆయిల్‌జాపర్ అను బాక్టీరియా మిశ్రమమును వాడునపుడు సైతము పోషకములు, తేమ, దున్నకము కావలసియే ఉన్నవి.

ఎందువలన? లెక్క చెప్పును. డీజిలులోని హైడ్రోకార్బనులను స్థూలముగా కర్బనము ఒక పాలు, ఉదజని రెండు పాళ్లుగా భావింపవచ్చును. అట్టి 14 గ్రాముల పదార్థము పూర్తిగా ఆక్సీకరణము చెందుటకు 48 గ్రాముల ప్రాణవాయువు కావలెను. లీటరు డీజిలు సుమారు 830 గ్రాములు, దానికి 2.8 కిలోల ప్రాణవాయువు, అనగా దాదాపు 10 ఘనమీటర్ల గాలి అవసరము. ఘనమీటరు మట్టిలో నాలుగవ వంతు గాలి ఉన్నదనుకొన్నను, ఒక్క లీటరు డీజిలు కొరకు ఆ గాలి 40 సారులు మారవలెను. కర్బనము 100 పాళ్లకు నత్రజని 10 పాళ్లు, భాస్వరము ఒక పాలు అను వాడుకలోని నిష్పత్తిని బట్టి చూచినచో, ఆ లీటరుకు 71 గ్రాముల నత్రజని, అనగా సుమారు 150 గ్రాముల యూరియా కావలెను. తిండి ఒక్కటే ఉన్నంత మాత్రమున సూక్ష్మజీవి బ్రతుకదు.

ఇక నేల సంగతి. నల్లరేగడి తడిసినపుడు ఉబ్బి గాలిదారులు మూసికొనును. గని త్రవ్వి పోసిన ఓబీ మట్టిలో ఇసుకరాతి ముక్కలుండును. గాలి ఆడును గాని జీవపదార్థము, నత్రజని తక్కువ, తేమ నిలువదు. వేసవి ఎండకు పైపొర ఎండిపోవును. అందుచేతనే చెడిన మట్టిని నీరు ఇంకని గచ్చుపై పలుచగా పరచి, దున్నుచు, తడుపుచు, ఎరువు వేయుచు నెలల తరబడి కాపాడుట అవసరమగును.

బొగ్గు ప్రాంతమునకు మరియొక చిక్కు కలదు. బొగ్గుపొడి నూనెను తనలో పట్టి ఉంచును. సూక్ష్మజీవికి అది అందదు. పరీక్షకై ద్రావకముతో నూనెను లాగినపుడు బొగ్గులోని కొన్ని పదార్థములు కూడ వచ్చి లెక్కను తప్పించును. కావున నూనె పడని ప్రక్క మట్టిని కూడ పరీక్షించి పోల్చనిచో ఫలితమును నమ్మరాదు.

కథ మరుగుపరచిన ముఖ్యవిషయము ఇంకొకటి. డీజిలు వాసన పోయినంత మాత్రమున నేల బాగుపడినట్లు కాదు. తేలిక భాగము గాలిలో కలిసి ఉండవచ్చును. పెక్కు వలయములు గల హైడ్రోకార్బనులు చాల నెమ్మదిగా విచ్ఛిన్నమగును. వాడిన ఇంజను నూనెలోని సీసము, జింకు వంటి లోహములను ఏ బాక్టీరియా నశింపజేయజాలదు. అందుకే 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థముగా పరిగణించినవి. దానిని అధికారము పొందినవారికే అప్పగింపవలెను. నదులు, వాగులవంటి జలములలోనికి వదలు నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదను నియమము కూడ కలదు.

ఉపమానమును విడువనక్కరలేదు, పూర్తి చేసిన చాలును. ఎంత నూనె, ఎంత గాలి, ఎంత నత్రజని, చివరకు ఏమి మిగిలినది అను నాలుగు ప్రశ్నలను ఉపాధ్యాయుడు కథ వెంట ఉంచవలెను. లేనిచో, రేపు వర్కుషాపులో చేరు విద్యార్థి "ఒలికిన నేమి, పొడి చల్లుదుము" అనును. లెక్క నేర్చినవాడు యంత్రము క్రింద ముందుగా పళ్లెము పెట్టును.