యంత్రనగరంలో మధ్యవర్తి: ‘మెట్రోపోలిస్’ చలనచిత్రంపై ఒక దైవశాస్త్ర విమర్శ

ఉపోద్ఘాతం

పనిచోట యజమానికీ కూలీలకూ పేచీ వచ్చినా, అన్నదమ్ముల మధ్య పంపకాలు తెగకపోయినా, సంఘపెద్దల్లో మాట పెరిగినా విశ్వాసులు మొదట పిలిచేది పాస్టరుగారినే. “అయ్యగారూ, మీరొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పండి” అంటారు. సేవకుడు వెళ్తాడు, వాక్యం చదువుతాడు, ప్రార్థన చేసి ఇద్దరి చేతులూ కలిపి వస్తాడు. ఆ మర్నాడు కూలి పెరిగిందా, పనిగంటలు తగ్గాయా, లాక్కున్న పొలం తిరిగి వచ్చిందా అని అడిగేవారు తక్కువ. సమాధానపరచే పరిచర్యలోని ఈ లోటును గురించి ఆలోచించడానికి, సరిగ్గా అలాంటి కరచాలనంతోనే ముగిసే ఒక జర్మన్ మూకీ చిత్రాన్ని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వం వహించిన ‘మెట్రోపోలిస్’ 1927 జనవరి 10న బెర్లిన్‌లో మొదటిసారి ప్రదర్శింపబడింది. కథ, చిత్రానువాదం అప్పటి ఆయన భార్య థియా ఫాన్ హార్బౌ రాశారు. విడుదలైన కొద్దికాలానికే పంపిణీదారులు చిత్రంలో దాదాపు నాలుగోవంతు కత్తిరించారు. ఆ భాగాలు ఎనభై ఏళ్లపాటు పోయినవిగానే లెక్క. 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏర్స్‌లోని సినిమా మ్యూజియంలో దాదాపు పూర్తి ప్రతి దొరికింది. దాని సహాయంతో పునరుద్ధరించిన చిత్రం 2010 ఫిబ్రవరిలో ప్రదర్శింపబడింది. మేము ఆధారం చేసుకున్నది ఈ ప్రతినే. తిరిగి దొరికిన భాగాల్లో ఒక కూలివాని కథ ఉండటమే ఇందుకు కారణం.

బైబిలు ప్రతీకలు ఇంత విస్తారంగా వాడుకున్న చిత్రాలు అరుదు. బాబెలు గోపురం, మోలెకు, ప్రకటన గ్రంథంలోని మహావేశ్య, సమాధి గుహల్లో రహస్యంగా కూడుకునే జనం, చివరకు ఒక ‘మధ్యవర్తి’, అన్నీ ఇందులో ఉన్నాయి. అందుకే దీన్ని క్రైస్తవ చిత్రమని మెచ్చుకోవడం తేలిక. మేము అంగీకరించలేకపోతున్నది ఆ మెచ్చుకోలునే. ఈ చిత్రం మధ్యలో సువార్తకు చాలా దగ్గరగా వచ్చి, ముగింపులో దాన్ని విడిచిపెట్టిందని మా అభిప్రాయం.

1. యంత్రం తినేది ఏమిటి?

చిత్రం షిఫ్టు మార్పుతో ప్రారంభమవుతుంది. నల్లబట్టలు వేసుకున్న కార్మికులు తలలు వంచుకొని, వరుసలు కట్టి, ఒకే అడుగులో నడుస్తూ లిఫ్టుల్లోకి వెళ్తారు. వారి ఇళ్లు భూమి అడుగున ఉన్నాయి. వారికి పేర్లకు బదులు సంఖ్యలున్నాయి. షిఫ్టు పది గంటలు. వారి గడియారానికి కూడా పది అంకెలే. పైన ఎండలో ధనవంతుల కుమారుల తోటలు, క్రీడా మైదానాలు ఉన్నాయి. నగరాధిపతి యో ఫ్రెడెర్సెన్ అందరికంటే ఎత్తైన గోపురంలో కూర్చొని ఏలుతుంటాడు.

ఒకరోజు మరియ అనే యువతి కార్మికుల పిల్లలను వెంటబెట్టుకొని ఆ తోటలోకి వచ్చి, అక్కడి ధనిక యువకులను చూపి, వీరు మీ సహోదరులని పిల్లలకు చెబుతుంది. కావలివారు ఆమెను, పిల్లలను బయటకు పంపేస్తారు. అధిపతి కుమారుడైన ఫ్రెడెర్ మాత్రం ఆమెను వెదుక్కుంటూ కిందికి దిగుతాడు. అక్కడ ఒక పెద్ద యంత్రం పేలడం, మనుషులు ఎగిరిపడటం చూస్తాడు. ఆ క్షణాన యంత్రం అతని కళ్లకు నోరు తెరిచిన మోలెకుగా కనిపిస్తుంది. మొదట దాసులను ఆ నోట్లోకి తోస్తారు. తరవాత కార్మికులు తమంతట తామే వరుసగా నడిచి అందులోకి వెళ్తారు.

రెండవదే మనం గమనించవలసినది. లేవీయకాండము 18:21 నిషేధించిన మోలెకు ఆరాధనలో బలి అర్పించేవాడు వేరు, బలి అయ్యేవాడు వేరు. ఈ యంత్రసామ్రాజ్యంలో బలి కావలసినవాడే తనను తాను మోసుకొని వెళ్తున్నాడు. నిర్గమకాండము 5వ అధ్యాయంలో గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క తగ్గించని ఫరో కింద ఇశ్రాయేలీయులు కనీసం మొరపెట్టారు. మెట్రోపోలిస్ కార్మికుడు మొరపెట్టడం కూడా మరచిపోయాడు. మనిషి దేవుని స్వరూపంలో సృజింపబడినవాడని నమ్మే మనకు, పని భారం కంటే ఈ మరపే భయంకరం.

2. కుట్ర ఎవరిది?

సమాధి గుహల్లో మరియ కార్మికులకు ఓర్పు బోధిస్తున్నదని ఫ్రెడెర్సెన్‌కు తెలుస్తుంది. శాస్త్రజ్ఞుడు రోత్వాంగ్ తయారుచేసిన యంత్రమానవికి మరియ ముఖం తొడిగించి, ఆమె మీద వారికున్న నమ్మకాన్ని చెడగొట్టమని ఆజ్ఞాపిస్తాడు. (ఈ రోజుల్లో ఎవరి ముఖాన్నైనా, ఎవరి గొంతునైనా కంప్యూటరు అనుకరించగలదు. ఎరిగిన ముఖం, ఎరిగిన గొంతు ఉన్నంతమాత్రాన బోధకుని నమ్మకూడదన్న హెచ్చరిక మన సంఘాలకు ఇప్పుడు మరీ అవసరం.) ఆ దొంగ మరియ కార్మికులను రెచ్చగొడుతుంది. వారు యంత్రాల మీద విరుచుకుపడతారు. ‘హృదయ యంత్రం’ అనే ప్రధాన యంత్రానికి కాపలా ఉన్న మేస్త్రీ గ్రోట్ ద్వారం మూస్తే, తెరవమని ఆజ్ఞ ఇచ్చేది స్వయంగా ఫ్రెడెర్సెనే! వారు హింసకు దిగితే, తాను బలప్రయోగం చేయడానికి సాకు దొరుకుతుందని అతని లెక్క. రోత్వాంగ్‌కు అంతకంటే లోతైన లెక్క ఉంది. తాను ప్రేమించిన స్త్రీని దక్కించుకున్న ఫ్రెడెర్సెన్ నగరాన్నే నాశనం చేయాలని అతని పగ.

యంత్రాన్ని పగులగొట్టామని కార్మికులు దాని చుట్టూ నాట్యం చేస్తారు. అదే సమయంలో నీరు పొంగి భూగర్భంలోని వారి ఇళ్లను ముంచుతుంది. ఆ ఇళ్లలో పిల్లలున్నారన్నది వారికి గుర్తులేదు. సామ్రాజ్యం మీద చేశామనుకున్న తిరుగుబాటు సామ్రాజ్యపు పన్నాగమే అయింది. మనిషిలోని మనిషితనాన్ని తీసివేయాలన్నదే ఆ పన్నాగం అయితే, పిల్లలను మరచి గంతులు వేసిన ఆ గడియలో అది పూర్తిగా నెరవేరింది. కోపం న్యాయమైనదే కావచ్చు. ఆ కోపాన్ని ఎవరి గొంతు నడిపిస్తున్నదో పరీక్షించుకోనివాడు తన శత్రువు పనినే చేస్తాడు.

3. మంత్రసానుల మార్గం

అయితే ఆ పన్నాగాన్ని నిజంగా భగ్నం చేసినవారు ఈ చిత్రంలో లేరా? ఉన్నారు. నీరు పొంగుతుంటే అసలు మరియ కార్మికుల నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద గంటను మోగించి పిల్లలను పోగుచేస్తుంది. ఫ్రెడెర్, అతని స్నేహితుడు యోసఫాత్ వచ్చి ఆమెతో కలుస్తారు. ముగ్గురూ కలిసి పిల్లలను పైకి చేరవేస్తారు.

ఇక్కడ మాకు నిర్గమకాండము 1వ అధ్యాయంలోని షిఫ్రా, పూయా గుర్తుకు వస్తారు. ఫరో సామ్రాజ్యం మీద మొదట దెబ్బ తీసినవారు ఆ ఇద్దరు మంత్రసానులే. వారు ఇటుకల బట్టీలు కూల్చలేదు. ఐగుప్తు రథాలు విరగగొట్టలేదు. చంపమన్న పిల్లలను బ్రతకనిచ్చారు. దేవునికి భయపడ్డారు గనుక రాజాజ్ఞను లోపలినుంచే పనికిరాకుండా చేశారు. మోషే కర్ర ఎత్తడానికి చాలాకాలం ముందే, ఒక ప్రసవపు గదిలో ఫరో ఓటమి ప్రారంభమైంది. ‘మెట్రోపోలిస్’లో పిల్లలను చేర్చిన చోటు కూడా అర్థవంతమైనది. అది ధనికుల కుమారుల క్లబ్బు. చిత్రం ఆరంభంలో కావలివారు ఏ కుమారుల తోటనుంచి వారిని గెంటివేశారో, ఆ కుమారుల ఇంటనే వారు ఆశ్రయం పొందారు.

4. సంఖ్య 11811

ఇప్పుడు మా వాదనకు కీలకమైన పాత్ర దగ్గరకు వద్దాం. గడియారంలాంటి యంత్రం ముందు సొమ్మసిల్లిపోతున్న జార్జీ అనే కార్మికుణ్ణి ఫ్రెడెర్ చూస్తాడు. అతని సంఖ్య 11811. ఫ్రెడెర్ అతని బట్టలు తాను తొడుక్కొని, తన బట్టలు అతనికిచ్చి పంపి, ఆ యంత్రం ముందు నిలబడతాడు. చేతులు చాపి ముళ్లను తిప్పుతూ, సిలువ వేయబడినవానివలె వేలాడుతూ, ఈ పది గంటలు ముగియవా అని తండ్రిని పిలుస్తాడు. ఫిలిప్పీయులకు 2:7లోని దాసుని స్వరూపం అనే మాటను ఇంత సూటిగా చూపిన చిత్రదృశ్యం మాకు మరొకటి తెలియదు. మరియ కూటానికి దారి చూపే పటం కూడా అతనికి ఆ కూలివాని జేబులోనే దొరికింది. ఆ బట్టలు వేసుకోకపోతే అతడు ఆ కూటానికి చేరేవాడే కాడు.

జార్జీ బలహీనుడు. చేతిలో డబ్బు పడగానే, వెళ్లమన్న చోటికి వెళ్లకుండా విలాసాల వీధికి మళ్లుతాడు. ఎనభై ఏళ్ల తరవాత మనకు తిరిగి దొరికింది ఈ భాగమే. కాని తరవాత దొంగ మరియ మాటలకు రెచ్చిపోయిన కార్మికులు ఫ్రెడెర్‌ను అతని తెల్లని పట్టుబట్టలను బట్టి అధిపతి కుమారుడని గుర్తించి చంపబోతారు. అప్పుడు జార్జీ అడ్డం వెళ్లి, ఆ కత్తిపోటు తాను తిని చనిపోతాడు.

మధ్యవర్తి పది గంటల తరవాత దాసుని బట్టలు విడిచి పట్టుబట్టలు కట్టుకున్నాడు. దాసుడు యజమాని కుమారునికి బదులుగా చనిపోయాడు. సువార్తలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. 1 తిమోతి 2:5 క్రీస్తును మధ్యవర్తి అని పిలిచి, ఆ వెంటనే తరువాతి వచనంలో ఆయన తన్ను తాను విమోచన క్రయధనంగా ఇచ్చుకున్నాడని చెబుతుంది. ఆ రెండు వచనాలను విడదీస్తే మధ్యవర్తి అనే మాట ఒక పదవిగా మాత్రమే మిగులుతుంది.

5. దేవాలయపు మెట్ల మీద

ముగింపు దృశ్యం దేవాలయ ద్వారం ముందు జరుగుతుంది. కార్మికులు మళ్లీ వరుసలు కట్టి, బాణపు మొనవంటి ఆకారంలో మెట్లెక్కి వస్తారు. చిత్రం మొదట్లోని క్రమశిక్షణే మళ్లీ వచ్చింది. వారి తరఫున చెయ్యి చాపేది మేస్త్రీ గ్రోట్. ప్రమాదంలో చనిపోయిన కార్మికుల జేబుల్లో దొరికిన పటాలను ఫ్రెడెర్సెన్‌కు తెచ్చి ఇచ్చినవాడు ఇతడే! మరియ కోరగా ఫ్రెడెర్ ఇద్దరి చేతులూ కలుపుతాడు. తెర పడుతుంది. పది గంటల షిఫ్టు మాట లేదు. మునిగిన ఇళ్ల మాట లేదు. జార్జీ పేరు ఎవరూ ఎత్తలేదు.

ఫ్రెడెర్సెన్ మారలేదా, కొడుకు ప్రమాదంలో ఉన్నప్పుడు అతని తల నెరిసిపోయింది కదా, మోకాళ్ల మీద పడ్డాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ వేదన నిజమే. కాని అది తన కుమారుని కోసం పడిన వేదన. లూకా 19లో జక్కయ్య కూడా మారాడు. అతని మారుమనస్సు ఆస్తిలో సగమనీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలనీ లెక్కతో బయటపడింది. గాయాన్ని పైపైన మాన్పి సమాధానం అని ప్రకటించేవారిని యిర్మీయా 6:14 గద్దిస్తుంది. డీట్రిష్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన శిష్యత్వ గ్రంథంలో ‘చౌక కృప’ అని పేరు పెట్టింది కూడా ఈ జబ్బుకే.

ఇది కేవలం కళకు సంబంధించిన చర్చ అనుకోరాదు. విమర్శకుడు సీగ్‌ఫ్రీడ్ క్రాకవర్ 1947లో, హృదయాన్ని అడ్డం పెట్టుకొని అధికారాన్ని యథాతథంగా నిలబెట్టే ఈ ముగింపుకు నాజీల ప్రచార ధోరణితో పోలిక ఉన్నదని చూపాడు. 1933లో లాంగ్ జర్మనీ విడిచి వెళ్లాడు. హార్బౌ అక్కడే ఉండి, నాజీల ఏలుబడిలో చిత్రరంగంలో కొనసాగారు. తరవాతి కాలంలో లాంగ్ కూడా ఈ చిత్రపు నీతి తనకు తృప్తినివ్వలేదని ఒప్పుకున్నాడు. హృదయం మంచిదే. సత్యంతోనూ న్యాయంతోనూ కలవని హృదయాన్ని ఏ ఫరో అయినా తన పనికి వాడుకోగలడు.

ముగింపు

ఈ చిత్రాన్ని చూడవద్దని మా సలహా కాదు. చూడాలి, వేదాంత కళాశాలల్లో చర్చించాలి. అయితే దాని చివరి దృశ్యం కంటే మధ్యలోని రెండు దృశ్యాలు మన బోధకు ఎక్కువ పనికివస్తాయి. మొదటిది, పిల్లల కోసం మరియ గంట మోగించడం. రెండవది, అలసినవాని బట్టలు తొడుక్కొని అతని స్థానంలో నిలబడటం. మనుషులను సంఖ్యలుగా మార్చే ఏ వ్యవస్థ పన్నాగమైనా ఇలాంటి పనుల దగ్గరే విఫలమవుతుంది.

ఇక తగవు తీర్చమని మనల్ని పిలిచినప్పుడు, చేతులు కలపడానికి ముందు మూడు విషయాలు విచారించుకుందాం. బలహీనుల తరఫున చెయ్యి చాపుతున్నది నిజంగా వారి మనిషేనా? తీసుకున్నది తిరిగి ఇవ్వబడుతున్నదా? ఈ తగవులో నలిగిపోయిన జార్జీ ఎవరు, అతని పేరు మనకు తెలుసా? ఈ విచారణ చేసే సేవకుణ్ణి రెండోసారి పిలవడానికి కొందరు ఇష్టపడకపోవచ్చు. ప్రకటన 18:13 మహాబబులోను వర్తకపు సరుకుల జాబితాను మనుష్యుల ప్రాణాలతో ముగించింది. ఆ సంతలో వెలకట్టబడిన ప్రతివానినీ పేరుపెట్టి పిలిచే కాపరికి మనం సేవకులము.