తెర మీద మా నమాజు

1992లో మణిరత్నం 'రోజా' తీశాడు. తెలుగులోకి డబ్ అయి ఊరూరా ఆడింది. అందులో తగలబడుతున్న జెండాను చేతులు కట్టేసి ఉన్న హీరో తన ఒంటితో ఆర్పుతాడు. అదే సమయంలో మిలిటెంటు నాయకుడు నమాజ్ చేస్తుంటాడు. ఈ రెండు దృశ్యాలనూ కలిపి అల్లారు. మంటలార్పేవాడు దేశం, సజ్దా చేసేవాడు శత్రువు. ఇది చెప్పడానికి డైలాగు కూడా అక్కర్లేకపోయింది.

హాలంతా చప్పట్లు. మేమూ కొట్టాం. ఆ తర్వాత రైల్లో జానిమాజ్ పరవబోతూ అటూ ఇటూ చూసుకున్నాం. మా నమాజు మాకే అనుమానంగా తోచింది.

పదేళ్లకు, 2002లో కృష్ణవంశీ 'ఖడ్గం' వచ్చింది. ప్రకాష్‌రాజ్ వేసిన ఆటోడ్రైవర్ అమ్జాద్ మంచివాడు, దేశభక్తుడు. సంతోషమే. కానీ అతని తోబుట్టువునే టెర్రరిస్టును చేశారు. మంచి సాయిబు కూడా పరీక్ష రాయాల్సిందే. మిగతా హీరోలకు లేని ఈ పరీక్ష అమ్జాద్‌కెందుకు?

సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. అది నేర్పిన చూపు అయిపోదు. అద్దె ఇల్లు అడిగినప్పుడు, పేరు చెప్పగానే, ఆ చూపే మాకు ఎదురొస్తుంది.

మాకు మెచ్చుకోళ్లొద్దు, సర్టిఫికెట్లొద్దు. పంక్చర్లేసుకుంటూ, పిల్లల ఫీజులకు అప్పులు చేసుకుంటూ బతికే మామూలు ముసల్మానును ఒక్కసారి చూపించండి. అతను నమాజ్ చేస్తున్నప్పుడు వెనక భయపెట్టే సంగీతం లేకుండా చూపించండి.