దుబాసీ కునుకు

కాకినాడలో ఉండే ఈ కాలమిస్టు కొత్త లాప్‌టాప్ కొని నాలుగు రోజులే అయింది. పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని బటన్ నొక్కితే, తెర కింద మూలన వైఫై గుర్తు ఉండాల్సిన చోట భూగోళం బొమ్మ వచ్చి కూర్చుంది. ఫోనుకు మాత్రం అదే వైఫై భేషుగ్గా వస్తోంది. అంటే రౌటర్ తప్పు లేదు, బయటి లైను తప్పూ లేదు. డివైస్ మేనేజర్ తెరిస్తే వైఫై కార్డు పేరు దగ్గర పసుపు త్రికోణం, లోపల ‘కోడ్ 10’. పరికరం మొదలు కాలేకపోతోందని దాని అర్థం. ఎందుకో మాత్రం ఆ అంకె చెప్పదు.

రీస్టార్ట్ చేశాడు, నెట్ వచ్చింది. మర్నాడు పొద్దున మళ్లీ పోయింది.

విండోస్‌కు కార్డు భాష రాదు, కార్డుకు విండోస్ భాష రాదు. మధ్యన డ్రైవర్ అనే ప్రోగ్రాము దుబాసీలా నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తుంది. దుబాసీ కునుకు తీస్తే దొరా మంచివాడే, రైతూ మంచివాడే, పని మాత్రం జరగదు.

కోపంలో ఆయన ఒకే సాయంత్రం అన్ని మందులూ వేసేశాడు. నెట్‌వర్క్ రీసెట్ కొడితే దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ ఎగిరిపోయాయి. డ్రైవర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాడు. మళ్లీ దించుకుందామంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. ఫోన్‌ను కేబులుతో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాక ఆ ముడి విడింది. రాత్రికి అంతా బాగుంది. రెండు రోజులకు భూగోళం తిరిగొచ్చింది.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే అన్నగారమ్మాయికి ఫోన్ చేశాడు.

“మొన్న ఏం చేస్తే వచ్చింది బాబాయ్?”

“అన్నీ చేశానమ్మా.”

“అయితే ఏది పనిచేసిందో తెలీదన్నమాట. ఇకనుంచి ఒక్కోటే మార్చు. పోయినప్పుడల్లా రాసి పెట్టుకో.”

టేబుల్ పక్కనే గోడకు క్యాలెండర్ ఉంది. నెట్ పోయిన రోజు గడిలో ఇంటూ కొట్టి, అంతకుముందు మెషీన్‌ను ఎలా ఆపాడో పెన్సిల్‌తో రెండు ముక్కలు రాయడం మొదలెట్టాడు. నాలుగు ఇంటూలు పడేసరికి సంగతి కనిపించింది. రాత్రి షట్‌డౌన్ చేసిన మర్నాడే పోతోంది, రీస్టార్ట్ తర్వాత ఒక్కసారీ పోలేదు. ఆయనకిది తలకిందుల వ్యవహారంగా తోచింది. పూర్తిగా ఆపి రాత్రంతా వదిలేసినా కుదరని రోగం, ఆపిన మరుక్షణం లేపితే ఎలా కుదురుతుంది?

2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ చేసే పని ఇది. షట్‌డౌన్ నొక్కితే మనం తెరిచినవన్నీ మూసుకుంటాయి గానీ, లోపలి కెర్నల్, డ్రైవర్ల స్థితి ఒక ఫైలుగా డిస్కులోకి పోతుంది. మర్నాడు దాన్నే తిరిగి పైకి తెస్తారు కాబట్టి మెషీన్ గబుక్కున లేస్తుంది. రీస్టార్ట్‌కు ఈ అడ్డదారి లేదు, అంతా మొదటినుంచీ మొదలవుతుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా నిజంగానే ఆగుతుంది.

ఫాస్ట్ స్టార్టప్ తీసేశాడు. పొద్దుటి పూట గండం గడిచింది. కానీ మూడో రోజు భోజనం చేసొచ్చి లాప్‌టాప్ మూత తెరిస్తే మళ్లీ భూగోళమే. ఐదో ఇంటూ. ఈసారి పెన్సిల్ రాత: ‘నిద్ర’.

కార్డును కరెంటు ఆదా కోసం ఆపొచ్చని చెప్పే గడిలో టిక్కు తీసేయమని పాతకాలపు సలహా ఒకటుంది. ఆ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఆయన లాప్‌టాప్‌లో అసలు లేనే లేదు. మోడర్న్ స్టాండ్‌బై ఉన్న కొత్త మెషీన్లలో అది సాధారణంగా కనిపించదు. దాని కోసం వెతుకుతుంటేనే పక్కన ఈవెంట్స్ ట్యాబ్ కంటపడింది. కొన్న మర్నాటి రాత్రి అప్‌డేట్‌లో కొత్త డ్రైవర్ ఎక్కినట్టు అందులో టైముతో సహా ఉంది. ఆయన తీసేసిన ప్రతిసారీ విండోస్ దాన్నే తెచ్చి కూర్చోబెడుతోంది. నిద్రలోంచి లేవడం రానిది ఆ దుబాసీకే.

లాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలోంచి పాత వెర్షన్ దించి ఎక్కించాడు. వారం గడిచింది. అనుమానం తీరక, తీసేసిన ఫాస్ట్ స్టార్టప్‌ను మళ్లీ పెట్టి షట్‌డౌన్ చేసి పడుకున్నాడు. పొద్దున నెట్ ఉంది. మూత వేసి తీశాడు, ఉంది.

నెలాఖరున వాళ్లావిడ పాల లెక్క చూడ్డానికి క్యాలెండర్ దించింది. పాలు రాని రోజున ఇంటూ కొట్టడం ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి.

“ఏమండీ, ఈ నెల ఐదు రోజులు పాలు రాలేదా? ఈ ‘నిద్ర’ ఏమిటి, పాలబ్బాయిదా?”