నాలుగో గోడ ఎవరి చేతిలో?

వంటిల్లు, గడప, నాలుగు గోడలు... స్త్రీవాద విమర్శలో ఇవేవీ కొత్త మాటలు కావు. ఇంటి గురించి ఇంతగా మాట్లాడుకున్న మనం, ఇంటిని నిజంగానే చేత్తో కట్టి, అందులో కెమెరా ఎక్కడ పెట్టాలా అని తలపట్టుకునే ఒక కళను మాత్రం పట్టించుకోలేదు. లెగో ఇటుకలతో గదులు కట్టి, బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి మరో ఫొటో తీసి, వాటన్నిటినీ వరసగా నడిపించే స్టాప్ మోషన్ చిత్రాల గురించి నేను చెబుతున్నది. వీటిని బ్రిక్ ఫిల్మ్‌లంటారు. పిల్లల ఆటగానో, మగపిల్లల సరదాగానో కొట్టిపారేసే ఈ చిత్రాల్లో నాకు మన పాత ప్రశ్నే ఎదురైంది. ఇల్లు ఎవరు చూడడానికి కట్టినది?

ముందు కొలతలు చూద్దాం. లెగో మనిషి ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు. ఇటుక మీద ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకు 8 మిల్లీమీటర్లు. అంటే 16 బొడిపెల గది 13 సెంటీమీటర్లయినా ఉండదు. దానికి నాలుగు గోడలూ పైకప్పూ పెట్టేస్తే లోపలికి కెమెరా పోదు, చెయ్యి పోదు, వెలుతురూ పోదు. అందుకని గోడలను విడివిడి పలకల్లా కట్టి, గట్టిగా నొక్కకుండా నిలబెడతారు. గది అడుగును బల్లకు అతికిస్తారు. గోడ తీసేటప్పుడు గది ఏ మాత్రం కదిలినా తెర మీద అంతా ఎగిరిపడినట్టు కనిపిస్తుంది మరి. కెమెరా ఏ గోడను చూస్తుంటే దాన్ని ఉంచి, కెమెరా వెనకాల గోడను తీసేస్తారు. చూసేవాళ్లకు నాలుగు గోడల మధ్య ఉన్నట్టే ఉంటుంది. నిజానికి ఆ నాలుగూ ఒక్కసారిగా నిలబడి ఉండనక్కర్లేదు.

ఈ వ్యాసం కోసం నేనూ ఒక వంటగది కట్టాను. పొయ్యి, బల్ల, ఒక ఆడమనిషి. సెకనుకు 12 ఫొటోల లెక్కన పది సెకన్లకు 120 ఫొటోలు. పైకప్పు తీసి పైనుంచి చూస్తే ఆమె నిఘాలో ఉన్న మనిషిలా కనిపించింది. ఒక గోడ తీసి ఎదురుగా చూస్తే గది నాటకాల స్టేజీ అయిపోయింది. ఆమె పని చేస్తోంది, మనం చూస్తున్నాం. కెమెరాను ఆమె కళ్ల ఎత్తుకు దించి, ఆమె తలెత్తి చూసిన వైపు ఏముందో చూపించాలనుకున్నాను. అప్పుడు తీసిన గోడను మళ్లీ పెట్టాలి, ఎదుటి గోడను తీయాలి, దీపాన్ని అటునుంచి ఇటు మార్చాలి. ఒక్క చూపు కోసం గంట పని. కానీ ఆ షాటుతోనే ఆ గది ఆమెదయింది. ఆమెను చూడడం మానేసి, ఆమెతో కలిసి చూశాను. సినిమా సిద్ధాంతంలో చూపు గురించి మనం చదువుకున్నదంతా ఇక్కడ గోడ తీసి పెట్టే పనిగా మారిపోతుంది. చూపు మార్చడమంటే చాకిరీయే.

చాకిరీ మాట వచ్చింది కాబట్టి చేతి గురించీ చెప్పాలి. ఫొటోకీ ఫొటోకీ మధ్య చెయ్యి గదిలోకి వస్తుంది, బొమ్మను జరుపుతుంది, దుమ్ము తుడుస్తుంది, వేలిముద్ర చెరుపుతుంది, వెళ్లిపోతుంది. మెరిసే ప్లాస్టిక్‌లో తమ నీడ పడకూడదని చాలామంది ముదురురంగు బట్టలు వేసుకుంటారు కూడా. పని బాగా జరిగిందనడానికి గుర్తు, ఆ చెయ్యి ఎక్కడా కనిపించకపోవడమే. ఇంటిపని స్వభావమూ ఇదే కదా! చేసినంతకాలం కనిపించదు, చేయని రోజునే కనిపిస్తుంది.

ఇక బొమ్మల సంగతి. లెగో కంపెనీ 1971లో ఆడపిల్లల కోసమని బొమ్మరిళ్లు, ఇంటి సామాన్లు తెచ్చింది. 1978లో కాళ్లూ చేతులూ కదిలే చిన్న మనుషులొచ్చినప్పుడు వాళ్లలో మొదటి స్త్రీ ఒక నర్సు. 2012లో ఆడపిల్లల కోసమే ‘లెగో ఫ్రెండ్స్’ అంటూ సన్నటి కొత్త బొమ్మలు వచ్చాయి. వాటి లేత రంగుల మీద, బ్యూటీ పార్లర్ మీద ఆనాడే విమర్శలు వచ్చాయి. యానిమేషన్ తీసే వ్యక్తికి వెంటనే తగిలేది మాత్రం వేరు. పాత లెగో మనిషికి రెండు కాళ్లూ విడివిడిగా కదులుతాయి, మణికట్టు తిరుగుతుంది. ఈ కొత్త అమ్మాయికి రెండు కాళ్లూ ఒక్కటిగానే వంగుతాయి, మణికట్టు తిరగదు. ఆమె కూర్చోగలదు, నిలబడగలదు. అడుగు తీసి అడుగు వేయలేదు. కెమెరా ముందు ఆమెను నడిపించాలంటే కాళ్లు కనపడకుండా దాచి జరపాలి. పైగా ఆమె ఇళ్లలో చాలావాటికి వెనక గోడే ఉండదు. ఆడుకోవడానికి వీలుగా అలా చేశారన్నది నిజమే. అయితే ఎప్పుడూ ఒకే వైపు తెరిచి ఉన్న ఇల్లు, నడవలేని అమ్మాయి... ఈ రెంటినీ కలిపి పెట్టెలో పెట్టి ఇస్తే, అందులో ఎటువంటి కథ తీయగలమో కూడా పెట్టెలో పెట్టి ఇచ్చినట్టే.

2014లో వచ్చిన ‘ద లెగో మూవీ’ని కంప్యూటర్ మీదే స్టాప్ మోషన్‌లా కనిపించేటట్టు తీశారు. చివరికి ఆ నగరమంతా ఒక తండ్రి తన ఇంటి నేలమాళిగలో కట్టుకున్నదని తెలుస్తుంది. ఎవరూ కదపకూడదని అతను అన్నిటినీ జిగురుతో అతికించేయబోతాడు. కొడుకు ప్రేమగా ఆ జిగురును ఓడిస్తాడు. చిన్న చెల్లెలికి ప్రవేశం దొరికేది అంతా అయ్యాకే, అదీ ప్రపంచానికి వచ్చిపడిన కొత్త ఉపద్రవంగా, ఒక నవ్వులాటగా! గది ఎవరిదో, లోపలికి ఎవరిని రానివ్వాలో తండ్రీకొడుకులే తేల్చుకున్నారు.

గోడలు కూలగొట్టడం గురించి మనం ఎంతో రాశాం, రాయాలి కూడా. 1929లో వర్జీనియా ఉల్ఫ్ రాసే స్త్రీకి సొంత గది కావాలంది, దాని తలుపుకు తాళమూ ఉండాలంది. మూసుకునే హక్కు కూడా హక్కేనని ఆమెకు తెలుసు. నాకు ఈ చిన్న ఇటుకల గది నేర్పిందీ అదే. ఎప్పుడూ ఎవరో ఒకరు చూడడానికి ఒక గోడ తీసే ఉంచిన ఇంటిని స్వేచ్ఛ అనలేం. ఎవరూ తీయలేని గోడల ఇల్లు ఎలాగూ జైలే. ఏ గోడను ఎప్పుడు తీయాలో, తిరిగి ఎప్పుడు పెట్టాలో లోపలి మనిషే నిర్ణయించుకోగలిగితే అది గది. మన ఆడపిల్లల చేతికి కెమెరా ఉన్న ఫోన్లు వచ్చాయి. వాళ్లు బొమ్మరిల్లు తీసుకుని మొదట చేయాల్సిన పని, కంపెనీ వదిలేసిన ఆ నాలుగో గోడను తామే కట్టుకోవడం. తర్వాత తీయాలో వద్దో వాళ్లిష్టం.