గడ్డం కింద బొటనవేలు

సాయంత్రం ఆరున్నరకు నా దగ్గర ఇంగ్లిష్ మాట్లాడడం నేర్చుకునేవాళ్లలో నర్సులే ఎక్కువ. పోయిన వారం ఒకమ్మాయి లేచి తానుండే చోటు చెప్పింది. ‘ఐ లీవ్ ఇన్ హాస్టల్’ అంది. ఉంటున్నానని చెప్పబోయి వెళ్లిపోతున్నానని చెప్పింది. దిద్దితే వెంటనే ‘లివ్’ అంది. రెండు నిమిషాలకు మళ్లీ ‘లీవ్’.

ఆ అమ్మాయికి హ్రస్వదీర్ఘాలు తెలియక కాదు. ‘పలు’కూ ‘పాలు’కూ, ‘కల’కూ ‘కాలా’నికీ తేడా తెలియని తెలుగుపిల్ల ఉంటుందా? లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండని బళ్లో లెక్కగట్టిన చెవి మనది. హిందీ అక్షరమాలలో లేని హ్రస్వ ఎ, ఒ కూడా మనకున్నాయి.

చిక్కంతా ఆ కొలతతోనే. ఇంగ్లిష్ అచ్చును కూడా మనం మాత్రలతోనే కొలుస్తాం. మొదటి పదేళ్లు నేనూ ‘దీర్ఘం తియ్యమ్మా’ అనే చెప్పాను. అది సగం పాఠమే. ‘షిప్’ను ఎంత సాగదీసినా సాగిన ఓడే అవుతుంది తప్ప గొర్రె కాదు. ‘షీప్’ అనాలంటే నాలుక ఇంకాస్త పైకి, ముందుకు జరగాలి.

అందుకే ఇప్పుడు గడ్డం కింద మెత్తటి చోట బొటనవేలు ఆనించమంటాను. ‘షీప్’ అంటే వేలి మీద కండ బిగుస్తుంది. ‘షిప్’ అంటే వదులవుతుంది. చెవికి అందని తేడా వేలికి అందుతుంది. ఆ అమ్మాయి నాలుగైదుసార్లు చేసి, కళ్లు పెద్దవి చేసుకుని పక్కమ్మాయి గడ్డం కింద కూడా వేలు పెట్టి చూసింది.

ఆ తర్వాత సిట్, సీట్, సీడ్ పలికిస్తాను. చివరి రెంటిలోనూ మనం రాసేది ఒకే దీర్ఘం. ఇంగ్లిష్‌వాళ్ల నోట ‘సీట్’ తొందరగా తెగిపోతుంది, ‘సీడ్’ నిలుస్తుంది. చివర పరుషం వస్తే ముందున్న అచ్చు కుదించుకుపోతుంది, సరళం వస్తే సాగుతుంది. కచటతపలు, గజడదబలు అనగానే మనవాళ్లు ఇట్టే అందుకుంటారు. చిన్నప్పటి వ్యాకరణం ఇలా అక్కరకొచ్చినప్పుడు నాకు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

‘కైట్’లో ఉన్నది ‘లాంగ్ ఐ’ అని టీచర్లు చెబితే పిల్లలు తికమకపడతారు. మన చెవికి అది ఐత్వం, దీర్ఘం ఎలా అవుతుంది? ఒకప్పుడు అది నిజంగా దీర్ఘమే. 1400 ప్రాంతంలో ఇంగ్లండులో ‘టైమ్’ను దాదాపు ‘టీమ’ అనేవారు, ‘నేమ్’ను ‘నామ’ అనేవారు. మన ‘నామం’తో దానికి చుట్టరికం కూడా ఉంది. తర్వాత సుమారు మూడు వందల ఏళ్లలో వాళ్ల దీర్ఘాలన్నీ చోటు మారాయి. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ దీన్ని ‘గ్రేట్ వవెల్ షిఫ్ట్’ అన్నాడు. ఆ మార్పు నడుస్తుండగానే 1476లో కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణ మొదలుపెట్టాడు. నోరు ముందుకు పోయింది, స్పెల్లింగు చాలావరకు వెనకే నిలిచిపోయింది. అందుకే స్పెల్లింగు చూసి పలకొద్దని, ముందు విని తర్వాత చూడమని పోరుతుంటాను.

‘కాలేజీ’లో మనం మూడు దీర్ఘాలు పలుకుతాం. బ్రిటన్‌వాళ్ల ఉచ్చారణలో అందులో ఒక్కటీ లేదు. దీర్ఘం ఉన్న ‘ఫూడ్’నేమో ‘ఫుడ్’ చేసుకున్నాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అవి మన మాటలే, అలాగే ఉండనివ్వండి. ‘కాలేజీ’ని కుదించి పలికితే మా అమ్మకు అర్థం కాదు. పరాయి దేశంలో రోగి మంచం పక్కన నిలబడ్డప్పుడు మాత్రం సంగతి వేరు. ‘లివ్’ అనాల్సిన చోట ‘లీవ్’ అంటే ఆ రోగికి ఏమనిపిస్తుంది?

నిన్న క్లాసయ్యాక ఆ అమ్మాయి గడ్డం కింద వేలు పెట్టుకుని ‘లివ్, లీవ్, లివ్’ అనుకుంటూ మెట్లు దిగింది. మూడోది ఇంకా కాస్త బిగువుగానే వినిపించింది.