పొయ్యిలో కాళ్ళు పెట్టుకున్న మోహిని

"చెత్త సినిమా" అనే మాట మగవాళ్ళ నోట విన్నంత తరచుగా ఆడవాళ్ళ నోట వినలేదు నేను. మా వారినే తీసుకోండి. సినిమా చూసి వచ్చాక ఫోటోగ్రఫీకి ఇన్ని మార్కులు, కథకి ఇన్ని, ఎడిటింగుకి ఇన్ని అని వేసి, అన్నీ కూడి, పాసో ఫెయిలో చెప్పేస్తారు. ఆయన మేష్టరు కాలేదు గనక బతికిపోయారు పిల్లలు! మా పక్కింటావిడ అదే సినిమా చూసొచ్చి, "అది సరేనండీ, ఆ రెండో పిల్ల ఏమైపోయిందీ? మధ్యలో మాయమైంది, మళ్ళీ కనబడనే లేదు" అంటుంది. ఈ రెండింట్లోనూ విమర్శ అనదగ్గది ఆవిడదేనని నా ఉద్దేశం.

ఆ ప్రశ్న పట్టుకునే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. చిత్రమేమిటంటే, మంచి సినిమాల్లో మాయమైపోయిన ఆ రెండో పిల్ల మనకి చాలాసార్లు చెత్త సినిమాల్లోనే దొరుకుతుంది. దొరకడమే కాదు, కథంతా తన చేతుల్లోకి తీసుకుంటుంది కూడాను.

ముందు విఠలాచార్యగారి సంగతి చెప్పుకోవాలి. ఉడిపి ప్రాంతం నుంచి వచ్చిన కన్నడిగుడాయన. హోటలు నడిపి, టూరింగ్ టాకీసు నడిపి, ఆ తర్వాత సినిమాల్లోకొచ్చారు. డేరాలో కూచున్న జనం ఎక్కడ ఆవలిస్తారో, ఎక్కడ బీడీ ముట్టించుకోవడానికి లేచిపోతారో కళ్ళారా చూసిన మనిషి. 'బందిపోటు' (1963), 'లక్ష్మీకటాక్షం' (1970) వంటివి తీసిన ఆయనే 1978లో 'జగన్మోహిని' తీశారు. కాల్‌షీటిచ్చి సతాయించే నటుణ్ణి కథలో ఏ చిలకగానో మేకగానో మార్పించేసి, మిగతా సినిమా ఆ మేకతో పూర్తి చేసేవారని సినిమావాళ్ళు ముచ్చటగా చెప్పుకుంటారు. మేకలు కాల్‌షీట్లు అడగవు కదా.

నేను 'జగన్మోహిని' చూసింది హాల్లో కాదు. 1990 ప్రాంతాల్లో మా కోనసీమలో పెళ్ళిళ్ళకీ పండగలకీ డెక్కు అద్దెకు తెచ్చి, వీధరుగు మీద టీవీ పెట్టి, రాత్రల్లా మూడు సినిమాలు వేసేవారు. మొదటిది పిల్లలకి. రెండోది పెద్దవాళ్ళకి, భక్తి సినిమా. మూడోది ఎవరు మేలుకుని ఉంటే వాళ్ళకి. ఆ మూడోది విఠలాచార్యది. మగవాళ్ళు అప్పటికి అరుగుల మీద గుర్రు పెడుతూ ఉండేవారు. పని తెమిలి, చేతులు కడుక్కుని, చాపలు పరుచుకుని కూచునేది ఆడవాళ్ళే. అంచేత ఈ సినిమాలు నేలటిక్కెట్టు మగవాళ్ళ కోసం తీసినవని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది.

అందులో జయమాలిని దయ్యం. ఆ దయ్యం వంటింట్లో పొయ్యి ముందు కూచుని, కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టుకుని వంట చేస్తుంది. కాళ్ళు మండుతూ ఉంటాయి, పైన వంట ఉడుకుతూ ఉంటుంది. ఆ కాళ్ళు బొమ్మ కాళ్ళని పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది. పిల్లలం కెవ్వుమన్నాం. మా దొడ్డమ్మ మాత్రం తీరిగ్గా, "దీని పనే నయమే అమ్మాయ్! పుల్లలు తడిశాయన్న బాధ లేదు" అంది. ఆడవాళ్ళంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు.

శ్రావణ మాసంలో మా వైపు వంటిళ్ళు చూసినవాళ్ళకి ఆ నవ్వు అర్థమవుతుంది. కొబ్బరి మట్టలు నానిపోయి, డొక్కలు చెమ్మెక్కి, ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు చింతనిప్పుల్లా అయిపోయి, అయినా మంట రాదు. అవతల భోజనాలకి పీటలు వేసేస్తారు. కాళ్ళు పెట్టి వండిన వాళ్ళు లేకపోవచ్చు గానీ, కళ్ళు పెట్టి వండనివాళ్ళు ఆ చాప మీద ఒక్కరూ లేరు. ఆ దృశ్యం చూసి మా వారు ట్రిక్ ఫోటోగ్రఫీకి నూటికి పది మార్కులు వేస్తారు. వేయనివ్వండి. వంటింటి చాకిరీ గురించి అంత నిజం చెప్పిన దృశ్యం, గొప్ప విలువలున్నాయని పేరుబడ్డ మన కుటుంబ కథాచిత్రాల్లో నాకు దొరకలేదు.

ఈ జయమాలిని ఎవరు? ఎన్నో మంచి సినిమాల్లో ఒక్క పాటకి మాత్రం వచ్చి వెళ్ళిపోయిన పిల్ల. మీరూ చూసే ఉంటారు. హీరో మనసు విరిగో బుద్ధి చెడో క్లబ్బుకి పోతాడు. అక్కడ దీపాలు ఎరుపూ నీలమూ మారుతుంటాయి. జ్యోతిలక్ష్మో, విజయలలితో, జయమాలినో వచ్చి ఒక పాట ఆడుతుంది. ఇంట్లో ఇల్లాలు దేవుడి ముందు కళ్ళు తుడుచుకుంటుంది. మన సానుభూతంతా ఇల్లాలికే, కాదనను. కానీ ఆ పాటయ్యాక ఆ పిల్ల ఏం చేస్తుంది? ఇంటికెళ్ళి అన్నం తింటుందా? ఆవిడకీ ఒక తల్లి ఉంటుందా, ఆలస్యమైందేమని వాకిట్లో నిలబడుతుందా? మంచి సినిమాకి ఆ తీరిక ఉండదు. అందమైన ఫోటోగ్రఫీ, చక్కని సంగీతం, పొందికైన సంభాషణలు, అన్నీ కలిసి ఆ పిల్లని గుమ్మం బయటే నిలబెట్టాయి.

'జగన్మోహిని'లో ఆ పిల్లకి గతం ఉంది. మోసపోయిన గతం. తనని మోసం చేసినవాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. అయితే ఈ సినిమాని నెత్తిన పెట్టుకోవడం కూడా నా వల్ల కాదు. పేరుకి దయ్యమే గానీ ఆ అమ్మాయికి కట్టిన బట్టలూ, చుట్టూ తిరిగిన కెమెరా ఎవరి కోసమో తెలుస్తూనే ఉంటుంది. పైగా పోరాటమంతా చివరికి ఇద్దరాడవాళ్ళ మధ్యకి వస్తుంది. ఇటు మోసపోయిన మోహిని, అటు ప్రభ వేసిన భక్తురాలైన భార్య. మధ్యలో నరసింహరాజు వేసిన మగమహారాజు మాత్రం నలగని బట్టల్తో బయటపడతాడు. అతగాణ్ణి మేకగా మార్చవలసింది విఠలాచార్యగారు! అక్కడ చేతికొచ్చిన అవకాశం పోగొట్టుకున్నారు.

2009లో ఈ కథనే తమిళంలో నమితతో మళ్ళీ తీశారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చిన కాలం. బొమ్మ కాళ్ళ అవసరం తీరిపోయింది. ఎందుకో ఒక్క చోట కూడా నాకు భయమూ వెయ్యలేదు, నవ్వూ రాలేదు.

విజయలలిత సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ 'రౌడీ రాణి' తీశారు. తన వాళ్ళని చంపినవాళ్ళ మీద పగ తీర్చుకునే కథ. అలాంటి కథలు మనకి కొల్లలు. కానీ పగ తీర్చుకునేది కొడుకు కాదు, తమ్ముడు కాదు, విజయలలిత. ఫైటింగులు ఆవిడవే, గెలుపూ ఆవిడదే. అది ఎంత నడిచిందంటే 1972లో దాస్‌గారే హిందీలో 'రాణీ మేరా నామ్' అని మళ్ళీ తీశారు. ఈ రెంటికీ మధ్య 1971లో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. ఆరుద్ర రాశారు, రాజస్థాన్ వెళ్ళి తీశారు, ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. మన కౌబాయ్ సినిమా అనగానే అందరూ దాన్నే తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. కానీ అంతకు ముందు ఏడాదే ఒక ఆడపిల్ల హీరో చేసే పనులన్నీ చేసి చూపించిందన్న మాట ఎవరూ ఎత్తరు.

'రౌడీ రాణి' గొప్ప సినిమా అని నేననను. కెమెరా అదాటున ముందుకి దూకుతుంది, అదాటున వెనక్కి పోతుంది. దెబ్బ తగలకముందే పడిపోయే రౌడీలున్నారు. మధ్యలో హాస్యం పేరిట పెట్టింది చూస్తూ కందిపప్పులో రాళ్ళేరుకోవచ్చు. అయినా ఒక్క ప్రశ్న. అదే 1970లో వచ్చిన పరువైన సినిమాల్లో, కష్టమొస్తే హీరోయిన్ ఏం చేసింది? పాట పాడింది. లేదా పుట్టింటికి వెళ్ళింది. కష్టం తెచ్చిపెట్టినవాడి ఇంటికి వెళ్ళి తలుపు తన్నింది రాణి ఒక్కతే.

ఇలాంటి సినిమాలని దాచుకుని చూడటం విదేశాల్లోనూ ఉంది. అమెరికాలో ఎడ్ వుడ్ అనే ఆయన తీసిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' అన్ని కాలాల్లోకీ నికృష్టమైన సినిమా అని 1980లో పేరు తెచ్చుకుని, ఆ పేరు మీదే చిరంజీవి అయిపోయింది. 2003లో వచ్చిన 'ది రూమ్' ఆడుతుంటే ప్రేక్షకులు తెరమీదికి ప్లాస్టిక్ చెంచాలు విసురుతారు. సరదాయే. కానీ ఆ నవ్వులో, తీసినవాడి కన్నా మనం తెలివైనవాళ్ళమన్న గీర ఉంది. మా దొడ్డమ్మ నవ్వులో అది లేదు. ఆవిడ విఠలాచార్యని చూసి నవ్వలేదు, తన పొయ్యిని చూసుకుని నవ్వింది.

అందుకే కావాలని చెడగొట్టి తీసే సినిమాలు నాకంతగా ఎక్కవు. 2014లో సంపూర్ణేష్‌బాబు 'హృదయ కాలేయం' వచ్చినప్పుడు కుర్రకారు పడీ పడీ నవ్వారు. మన హీరోల గొప్పల్ని వెక్కిరించింది గనక నేనూ కొంతసేపు నవ్వాను. తర్వాత విసుగొచ్చింది. ఉప్పెక్కువైన పులుసు వేరు, ఉప్పెక్కువ వేశానోచ్ అని చెప్పి మరీ వడ్డించే పులుసు వేరు. దాస్‌గారికీ ఆచార్యగారికీ తమ కథ మీద నమ్మకం ఉంది. అట్టముక్క గుహని నిజంగా గుహే అనుకుని తీశారు.

ఇక అట్టముక్క కూడా లేని సినిమా ఒకటుంది, మన గోదావరి ఒడ్డునే. 1967లో బాపుగారి మొదటి సినిమా 'సాక్షి'. ముళ్ళపూడి వెంకటరమణ రచన. మన పూతరేకుల ఆత్రేయపురం పక్కనున్న పులిదిండిలో తీశారు. ఊరే సెట్టు, ఊళ్ళోవాళ్ళే మనుషులు. తక్కువ డబ్బుతో తీసిన సినిమా బీదతనం దాచుకోవడానికి రంగుకాగితాలు అంటించుకుంటుంది. 'సాక్షి' దాచుకోలేదు. రేవూ, బల్లకట్టూ, దుమ్ముదారీ ఉన్నవి ఉన్నట్టు చూపించింది. 1968లో తాష్కెంట్ ఉత్సవం దాకా వెళ్ళింది. హాలీవుడ్ 'హై నూన్' (1952) ఛాయలున్నాయంటారు. ఉంటే ఉండనివ్వండి, బల్లకట్టు మాత్రం మనదే.

బల్లకట్టు నడిపే కిష్టయ్య ఒక హత్యకి సాక్ష్యం చెబుతాడు. చెప్పమని ఎగదోసిన ఊరే, హంతకుడు తిరిగొస్తున్నాడనేసరికి తలుపులు బిడాయించుకుంటుంది. కొన్నిచోట్ల కథ ఎదురీతలో పడవలా సాగుతుంది, నిజమే. కానీ పక్కింటావిడ ప్రశ్నకి ఇందులో జవాబుంది. ఊరంతా మొహం చాటేసినప్పుడు కిష్టయ్య పక్కన నిలబడేది ఆ హంతకుడి చెల్లెలే. ఆ పాత్ర వేసిన విజయనిర్మల ఆరేళ్ళకి, 1973లో, తనే దర్శకురాలై తెలుగులో 'మీనా' తీశారు. 2019లో పోయేనాటికి నలభై పైచిలుకు సినిమాలు తీశారు.

'మీనా' యద్దనపూడి సులోచనారాణి నవల. ఈ మాట ఎందుకు తెస్తున్నానంటే, వారపత్రికల్లో సీరియల్స్ రాసిన ఆ తరం రచయిత్రుల్ని కూడా ఇదే "చెత్త" అనే మాటతో కొట్టిపారేసినవాళ్ళున్నారు. కలలమ్ముతారన్నారు, కార్లూ మేడలూ తప్ప ఏమీ లేవన్నారు. కొన్ని నవలల విషయంలో ఆ మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ అన్నవాళ్ళలో ఎందరు చివరిదాకా చదివారో! మా ఇంట్లోనే చూస్తున్నాను, మా వారు నా నవలలకి కూడా మార్కులు వేస్తారు. మూడో పేజీ దగ్గర.

మీకు తీరిక చిక్కితే 'సాక్షి' ముందు చూడండి. అది పగటిపూట కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు చూడవలసింది. 'రౌడీ రాణి' ఇంట్లో ఎవరిమీదన్నా ఒళ్ళు మండినప్పుడు చూడండి, బాగా పనిచేస్తుంది. 'జగన్మోహిని' మాత్రం ఫోన్‌లో ఒక్కరూ చూడకండి. పదిమంది ఉండాలి, చాపలుండాలి, పక్కన కట్టెలపొయ్యి మీద వండిన పెద్దావిడ ఒకరుంటే మరీ మంచిది.